మునిగిన ఓడల బంగారం: కాబ్ మేలా, డబుల్ ఈగిల్ మేలా?

మునిగిన ఓడ నుంచి తీసిన బంగారు నాణెం ఒక్కటే కొనగలిగే స్తోమత ఉంటే, ఎంపిక చాలాసార్లు రెండింటి మధ్యకు వస్తుంది. ఒకటి, 1715 జూలైలో తుపానుకు ఫ్లోరిడా తీరంలో బద్దలైన స్పెయిన్ నౌకల ఎస్కూడో, అంటే స్పెయిన్ బంగారు నాణెం; చేత్తో కొట్టిన ఇలాంటి నాణేన్నే కాబ్ అంటారు. రెండోది, 1857 సెప్టెంబరులో కరోలినా తీరానికి దూరంగా మునిగిన ఎస్‌ఎస్ సెంట్రల్ అమెరికా అనే ఓడలోని డబుల్ ఈగిల్, అంటే అమెరికా ఇరవై డాలర్ల బంగారు నాణెం.

డబుల్ ఈగిల్‌ది కళ్లు చెదిరే అందం. శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలలో అచ్చయి, చేతులు మారకుండానే ఓడెక్కిన నాణేలు అందులో వేలల్లో ఉన్నాయి. 2,000 మీటర్లకు పైగా లోతున 130 ఏళ్లు పడి ఉన్నా బంగారానికి తుప్పు పట్టలేదు. పైన పేరుకున్న ఖనిజాల పొరను జాగ్రత్తగా తీస్తే కొత్త నాణెంలా మెరిసింది. చిక్కల్లా అక్కడే ఉంది. అంతకుముందు అరుదుగా దొరికిన మెరుపు చెదరని 1857-ఎస్ నాణెం (ఎస్ అంటే శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల గుర్తు), ఒక్కసారిగా 5,000కు పైగా బయటపడింది. ఓడ పేరు గొప్పదే, నాణెం మాత్రం అరుదు కాదు.

కాబ్ సంగతి వేరు. బంగారాన్ని ముక్కలుగా కోసి, తూకం కుదిరేదాకా అంచులు కత్తిరించి, సుత్తితో ముద్ర కొట్టేవారు. దెబ్బ పక్కకు పడితే సంవత్సరం అంచు దాటిపోయేది. అందుకే రెండు కాబ్‌లు ఒకేలా ఉండవు, తేదీ పూర్తిగా కనిపించే కాబ్ ఖరీదూ ఎక్కువే. పెరూలోని లీమా టంకశాల కాబ్‌ను భూతద్దం కింద పెట్టి చూడండి: రెండు స్తంభాలు, వాటి కింద అలలు. సముద్రాన్ని ముద్రించుకున్న నాణెం సముద్రంలోనే మునిగిందని తెలిసినప్పుడు దాన్ని చేతిలోంచి దించబుద్ధి కాదు.

అయితే వంకర అంచు నకిలీ చేసేవాడికీ కలిసొస్తుంది. నాణేలు చదవడం ఇంకా అలవాటు కానివారికి, నాణెం అసలుదో కాదో, ఏ స్థితిలో ఉందో తేల్చే గ్రేడింగ్ సంస్థ సీలు వేసిన పెట్టెలో ఓడ పేరుతో సహా వచ్చే డబుల్ ఈగిలే క్షేమం. ఏది కొన్నా, ఎవరు ఏ హక్కుతో వెలికి తీశారో కాగితం అడగాలి. 2007లో బయటపడిన స్పెయిన్ నౌక మెర్సిడెస్ నాణేలను స్పెయిన్‌కు అప్పగించాలని అమెరికా కోర్టులు తేల్చాయి, 2012లో అవి తిరిగి వెళ్లిపోయాయి.

కాగితం సరిగ్గా ఉంటే నేను కాబ్‌నే తీసుకుంటాను. తేదీ సగమే పడినా, అలలు స్పష్టంగా కనిపించే లీమా ఎస్కూడో అయితే చాలు.