క్యాన్సర్ పరిశోధకుడి స్థాయి తెలియాలంటే: హెచ్-ఇండెక్సా, ఇంపాక్ట్ ఫ్యాక్టరా, ఐదు పేపర్లా? ఏది మేలు?

ఏ క్యాన్సర్ పరిశోధకుడి గూగుల్ స్కాలర్ పేజీ తెరిచినా కుడిపక్కన ఒక చిన్న పట్టిక ఉంటుంది. మొత్తం సైటేషన్లు (ఇతరులు తమ పేపర్లలో వీరి పేపర్లను ఉదహరించిన లెక్క), హెచ్-ఇండెక్స్, ఐ10-ఇండెక్స్ (కనీసం పది సైటేషన్లు వచ్చిన పేపర్ల సంఖ్య). పీహెచ్‌డీకి గైడ్‌ను వెతుక్కునే విద్యార్థి అయినా, నిధుల కమిటీ సభ్యుడు అయినా, ఇంటర్వ్యూకి ముందు వివరాలు చూసుకునే విలేకరి అయినా ముందు చూసేది దాన్నే. చాలామంది అంతకు మించి చూడరు కూడా.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. టైముంటే ఆ మనిషి రాసిన వాటిలో ముఖ్యమైన ఐదు పేపర్లు తీసి, వాటిని ఎవరు ఎందుకు ఉదహరించారో చూడటమే మేలు. టైము లేకపోతే, రంగాన్ని బట్టి సవరించిన సైటేషన్ లెక్క పనికొస్తుంది. హెచ్-ఇండెక్స్‌ది ఆ తర్వాతి స్థానం. పత్రికలకు ఇచ్చే ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో మనిషిని కొలవడం మాత్రం వద్దు.

పేపర్ల సంఖ్య గురించి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. ఒక పెద్ద క్లినికల్ ట్రయల్ జరిగితే అసలు ఫలితం ఒక పేపరు, ఉపవర్గాల విశ్లేషణ మరొకటి, రోగుల జీవన నాణ్యత మీద ఇంకొకటి, ఐదేళ్ల తర్వాత ఫాలోఅప్ పేరుతో మళ్లీ ఒకటి వస్తాయి. ప్రతిదాంట్లోనూ పదుల కొద్దీ పేర్లు. ట్రయల్‌ను రూపొందించినవారూ, రోగులను చేర్పించిన ఆసుపత్రుల డాక్టర్లూ అదే వరుసలో ఉంటారు. అలా మూడు వందల పేపర్లలో పేరున్నా, గుంపులో గోవిందా అన్న పేర్లు ఎన్నో, దగ్గరుండి నడిపించినవి ఎన్నో ఆ సంఖ్య చెప్పదు.

హెచ్-ఇండెక్స్ దానికన్నా చాలా నయం. జార్జ్ హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త 2005లో దీన్ని ప్రతిపాదించాడు. పేపర్లను సైటేషన్ల ప్రకారం పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చాలి. పేపరు వరుస సంఖ్య కన్నా దాని సైటేషన్లు తగ్గకుండా ఎంతవరకు వస్తే అదే హెచ్. ఒకరి పేపర్లకు 210, 90, 41, 12, 6, 5, 3 సైటేషన్లు వచ్చాయనుకుందాం. ఐదో పేపరుకు 6 ఉన్నాయి, సరిపోయింది. ఆరోదానికి 5 మాత్రమే. కాబట్టి హెచ్ 5. ఇంకొకరికి 7, 7, 6, 6, 5, 4, 2 వచ్చాయి. ఆయనకూ హెచ్ 5. మొదటి మనిషికి మొత్తం 367, రెండో మనిషికి 37. పట్టికలో ఇద్దరూ సమానం!

ఒక్క పేపరు పేలిపోయి పేరు వచ్చినవాళ్లను, నిలకడగా రాసేవాళ్లను వేరు చేయడానికే హిర్ష్ ఇలా పెట్టాడు. ఆ పని అది చేస్తుంది. కానీ క్యాన్సర్ రంగంలో ఒక్క పేపరే చరిత్ర అయిన సందర్భాలు తక్కువేం కాదు. పేటన్ రౌస్ 1911లో కోళ్లలో కణితిని వైరస్ తెస్తుందని చూపించాడు. దాన్ని చాలాకాలం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. నోబెల్ 1966లో వచ్చింది, అప్పటికి ఆయన వయసు 87. ఇలాంటి పని ముందు హెచ్-ఇండెక్స్ తెల్లమొహం వేస్తుంది.

దానికి మరో చిక్కు, అది ఎప్పుడూ తగ్గదు. మనిషి పని మానేసి పదేళ్లయినా పెరుగుతూనే ఉంటుంది. వయసులో పెద్దవాళ్లకు సహజంగానే ఎక్కువ ఉంటుంది. పైగా సైటేషన్లు లెక్కపెట్టే డేటాబేస్‌లు చాలా ఉన్నాయి. ఒకే మనిషికి గూగుల్ స్కాలర్‌లో ఒక అంకె, స్కోపస్‌లో మరో అంకె, వెబ్ ఆఫ్ సైన్స్‌లో ఇంకో అంకె. గూగుల్ థీసిస్‌లను, ప్రిప్రింట్లను (పత్రికలో రాకముందే ఆన్‌లైన్‌లో పెట్టే పేపర్లను) కూడా లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి అక్కడ సాధారణంగా ఎక్కువ కనిపిస్తుంది. ఇద్దరిని పోల్చేటప్పుడు ఒకరిది గూగుల్ నుంచి, ఇంకొకరిది స్కోపస్ నుంచి తీసుకుంటే ఆ పోలికకు అర్థమే లేదు. ఒకే పేరు, ఒకే ఇనీషియల్ ఉన్న ఇద్దరి పేపర్లు ఒకే ప్రొఫైల్‌లో చేరిపోవడం కూడా మామూలే. ఓఆర్‌సిఐడి నంబరు, అంటే ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఉంటే దాంతో సరిచూసుకోవచ్చు.

మరి నేరుగా సైటేషన్లనే లెక్కపెడితే? ఇక్కడ ఒక తమాషా ఉంది. అత్యధికంగా ఉదహరించిన పేపర్లలో చాలావరకు పద్ధతులను చెప్పేవి. ప్రొటీన్‌ను కొలిచే పద్ధతి మీద 1951లో లౌరీ బృందం రాసిన పేపరుకు 3 లక్షలకు పైగా సైటేషన్లు ఉన్నాయి. రోగులు ఎంతకాలం బతికారో గీతగా చూపే కాప్లాన్–మేయర్ పద్ధతి 1958 నాటిది. ఆ గీత లేని క్యాన్సర్ ట్రయల్ పేపరు దాదాపు కనిపించదు.

యల్లాప్రగడ సుబ్బారావు సంగతే తీసుకోండి. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రచురించాడు. దశాబ్దాలుగా విపరీతంగా ఉదహరిస్తున్న పేపరు అది. తర్వాత లెడర్లే అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం నుంచే ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులు వచ్చాయి. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకు ఇచ్చాడు. మందుతో ఆ జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గుతుందని 1948లో వచ్చిన ఆ పేపరు చూపించింది. రచయితల్లో సుబ్బారావు పేరు లేదు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్‌ను పిల్లల లుకేమియాకు ఇప్పటికీ వాడుతున్నారు. సైటేషన్ పట్టిక మాత్రమే చూసేవారికి సుబ్బారావు భాస్వరం కొలిచిన మనిషి. అంతే!

సమీక్షా వ్యాసాల సంగతి ఇంకో రకం. 2000లో హనహన్, వైన్‌బర్గ్ 'సెల్' పత్రికలో క్యాన్సర్ కణానికి ఉండే ఆరు లక్షణాలను ఒకచోట చేర్చి రాశారు. 2011లో దాన్ని విస్తరించారు. కొత్త ప్రయోగం లేకపోయినా క్యాన్సర్ రంగంలో అత్యధిక సైటేషన్లు వచ్చిన వాటిలో ఇవి ఉన్నాయి. సమీక్షలను లెక్కలోంచి తీసేయాలని వాదించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఒక తరం పరిశోధకులు క్యాన్సర్ గురించి ఆలోచించే తీరునే ఆ రెండు వ్యాసాలు మార్చాయి. అది ప్రభావం కాకపోతే ఇంకేది? కాకపోతే ప్రొఫైల్ నిండా సమీక్షలే ఉండి, సొంత ప్రయోగం ఒక్కటీ కనిపించకపోతే అప్పుడు అనుమానించాలి.

ఇక ఇంపాక్ట్ ఫ్యాక్టర్. ఇది మనిషిది కాదు, పత్రికది. ఒక పత్రికలో గత రెండేళ్లలో వచ్చిన వ్యాసాలకు ఈ ఏడాది సగటున ఎన్ని సైటేషన్లు వచ్చాయన్నదే ఆ అంకె. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ పత్రిక 'సీఏ'ను చూడండి. 2021లో వెలువడిన లెక్కలో దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 500 దాటింది. కారణం ఏటా వచ్చే క్యాన్సర్ గణాంకాల వ్యాసాలు. ఏ క్యాన్సర్ పేపరైనా మొదటి వాక్యం "ప్రపంచవ్యాప్తంగా ఇంతమందికి ఈ క్యాన్సర్ వస్తోంది" అనే కదా, ఆ వాక్యం చివర సైటేషన్ అక్కడికే పోతుంది. అదే పత్రికలో వచ్చిన మరో వ్యాసానికి ఆ 500లో వాటా ఉన్నట్టు రాసుకుంటే అది ఎరువు తెచ్చుకున్న నగే. పైగా రెండేళ్ల కిటికీలోంచి చూస్తే రౌస్ లాంటివాళ్లు కనిపించరు. పరిశోధకుల అంచనాలో పత్రిక అంకెను వాడొద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన 'డోరా' ప్రకటన సూటిగానే చెప్పింది. అయినా బయోడేటాల్లో పేపరు పక్కన ఇంపాక్ట్ ఫ్యాక్టర్ రాసే అలవాటు పోలేదు.

అంకెల్లో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదంటే నేను రిలేటివ్ సైటేషన్ రేషియో వైపే మొగ్గుతాను. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ, అంటే ఎన్‌ఐహెచ్, నడిపే ఐసైట్ అనే సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పేపరుకు వచ్చిన సైటేషన్లను అదే రంగంలోని, అదే కాలపు పేపర్లతో పోల్చి చెబుతుంది. 1.0 అంటే ఎన్‌ఐహెచ్ నిధులతో వచ్చిన పేపర్లలో మధ్యస్థం. సార్కోమా అనే అరుదైన క్యాన్సర్ మీద పనిచేసేవారిని, ఊపిరితిత్తుల క్యాన్సర్ ఇమ్యునోథెరపీ మీద పనిచేసేవారిని పక్కపక్కన నిలబెట్టాలంటే ఈ సవరణ ఉండాల్సిందే. మొదటి రంగంలో ఉదహరించేవాళ్లే కొద్దిమంది, రెండోది సంత. క్లినికల్ వ్యాసాలు ఒక పేపరును ఎన్నిసార్లు ఉదహరించాయో కూడా అదే సైట్ చూపిస్తుంది. వైద్య పేపర్ల డేటాబేస్ అయిన పబ్‌మెడ్‌లో లేని పేపర్లకు మాత్రం ఇది పనిచేయదు. నిన్నగాక మొన్న వచ్చిన పేపరు గురించీ ఏమీ తేల్చదు.

ఐదు పేపర్ల పద్ధతికి ఎందుకు ఓటు వేశానో చెప్పాలి. ముందు పేరు ఏ స్థానంలో ఉందో చూడాలి. జీవవైద్య రంగంలో మొదటి పేరు సాధారణంగా పని చేసినవారిది, చివరి పేరు ల్యాబ్ నడిపేవారిది. ఆ తర్వాత ఉదహరించిన పేపర్లలో ఓ పది తెరిచి, ఆ వాక్యం దగ్గరికే వెళ్లాలి. పీఠికలో "[3–9]" అంటూ గుంపుగా వచ్చిందంటే అది మొహమాటపు సైటేషన్. "ఫలానా వారి పద్ధతినే వాడాం" అని ఉంటే నిజంగా ఉపయోగపడినట్టు. "వారి ఫలితం మాకు రాలేదు" అని ఉన్నా సైటేషన్ల లెక్కలో అదీ ఒకటే. ఈ తేడా ఏ ఇండెక్స్‌కూ తెలియదు.

అంకెలు ఎంత దూరం దారి తప్పించగలవో డ్యూక్ విశ్వవిద్యాలయం ఉదంతం చూస్తే తెలుస్తుంది. కణితిలోని జన్యువుల తీరును బట్టి ఏ కీమో పనిచేస్తుందో చెప్పగలమంటూ 2006లో 'నేచర్ మెడిసిన్'లో ఒక పేపరు వచ్చింది. మంచి పత్రిక, బోలెడు సైటేషన్లు, దాని ఆధారంగా రోగులతో ట్రయల్స్ కూడా. ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ ఆసుపత్రిలో కీత్ బ్యాగర్లీ, కెవిన్ కూంబ్స్ అనే ఇద్దరు గణాంక నిపుణులు ఆ డేటాను తీసి మళ్లీ లెక్కవేశారు. జన్యువుల జాబితా ఒక వరుస పక్కకు జరిగిపోయి ఉంది! ఒక జన్యువు అంకె ఇంకో జన్యువు పేరు మీద. ఇంకా చాలా తేడాలు బయటపడ్డాయి. 2011లో ఆ పేపరును ఉపసంహరించుకున్నారు. 2015లో పరిశోధనలో అక్రమం జరిగిందని అమెరికా ప్రభుత్వ కార్యాలయం తేల్చింది. అప్పటిదాకా ఆ పేపరు దాని రచయితల హెచ్-ఇండెక్స్‌ను పెంచుతూనే ఉంది కదా.

అందుకే నా దృష్టిలో అన్నిటికన్నా గట్టి ప్రశ్న, ఇంకో ల్యాబ్‌లో అదే ఫలితం వచ్చిందా అన్నది. ఆమ్‌జెన్ అనే మందుల కంపెనీవాళ్లు 53 ప్రముఖ పేపర్లను తిరిగి చేసి చూస్తే 6 మాత్రమే నిలబడ్డాయని 2012లో 'నేచర్'లో రాశారు. 2021లో ముగిసిన మరో పెద్ద ప్రయత్నంలోనూ, తిరిగి చేసినప్పుడు ప్రభావాలు మొదటి పేపర్లలో చెప్పినదానికన్నా చాలా చిన్నవిగా తేలాయి.

క్లినికల్ పరిశోధకులైతే చికిత్సా మార్గదర్శకాలు చూడటం ఇంకా తేలిక. బెర్నార్డ్ ఫిషర్ నాయకత్వంలో 1976లో మొదలైన ట్రయల్, రొమ్ము మొత్తం తీసేయడానికీ, గడ్డను మాత్రమే తీసి రేడియేషన్ ఇవ్వడానికీ మధ్య ఆయుష్షులో తేడా లేదని చూపించింది. 2002లో వచ్చిన ఇరవై ఏళ్ల ఫలితమూ అదే. ఆ పేపర్లు అమెరికాలోని ఎన్‌సీసీఎన్, యూరప్‌లోని ఈఎస్‌ఎంఓ లాంటి సంస్థల మార్గదర్శకాల వెనుక ఉన్నాయి. ఆ ప్రభావం రోజూ ఆపరేషన్ థియేటర్లో కనిపిస్తుంది.

ఈ పద్ధతికీ ఒక పెద్ద లోపం ఉంది, టైము. రెండు వందల దరఖాస్తులు ముందున్న కమిటీ ఒక్కొక్కరివి ఐదేసి పేపర్లు చదవలేదు. అలాంటప్పుడు సవరించిన సైటేషన్ లెక్కతో మొదటి వడపోత చేసి, మిగిలిన పదిహేను మందివి చదవడమే దారి. ముప్ఫై ఏళ్ల పరిశోధకులకైతే ఐదు పేపర్లు కూడా ఉండకపోవచ్చు. వాళ్ల దగ్గర ఉన్న రెండిట్లోనే డేటా, కోడ్ బయటపెట్టారా, ఎవరైనా తిరిగి చేయగలిగేలా పద్ధతి రాశారా అని చూస్తే చాలు.

ఇక ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ అని తెలిసి, డాక్టర్ పేరు కొట్టి హెచ్-ఇండెక్స్ వెతికేవాళ్లకు మాత్రం పైన చెప్పిన వాటిలో ఏదీ పనికిరాదు. ఇలాంటి కేసులు మీరు ఏడాదికి ఎన్ని చూస్తారు, ఆపరేషన్, మందులు, రేడియేషన్ చూసే డాక్టర్లు కలిసి కూర్చుని నిర్ణయించే ట్యూమర్ బోర్డు మీ దగ్గర ఉందా అని నేరుగా డాక్టర్నే అడగండి.