ట్రై-పిన్నా, జాయ్‌స్టిక్కా?

మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు కారేం నడుపుతారు అనుకుంటారు గానీ అమెరికాలో, యూరప్‌లో నడిపేవాళ్లు ఉన్నారు. ఎలా నడపాలన్నది చేతిలో ఎంత బలం మిగిలిందన్న దాన్ని బట్టి ఉంటుంది.

సి6 దగ్గర, అంటే మెడలో ఆరో నరం స్థాయిలో, దెబ్బ అయితే మోచెయ్యి ముడుచుకుంటుంది, మణికట్టు పైకి లేస్తుంది, వేళ్లకి మాత్రం పట్టుండదు. వీళ్లలో చాలామందికి మెకానికల్ హ్యాండ్ కంట్రోల్ సరిపోతుంది: ఒక చేతికి లీవరు, ముందుకి తోస్తే బ్రేకు, తమవైపు లాగితే యాక్సిలరేటర్. రెండో చేతికి స్టీరింగ్ మీద ట్రై-పిన్, అంటే నిలువుగా మూడు కడ్డీలు. ఒకటి అరచేతిలోకి వస్తుంది, మిగతా రెండూ మణికట్టుని అటూ ఇటూ పట్టి ఉంచుతాయి, పిడికిలి బిగించే పనే లేదు. స్టీరింగ్‌ని ఇంకాస్త తేలిక చేయించుకోవాల్సి రావచ్చు, అంతే.

సి5 అయితే, అంటే దెబ్బ ఒక మెట్టు పైన తగిలితే, మణికట్టు కూడా లేవదు కాబట్టి జాయ్‌స్టిక్ వైపు చూడాలి. జర్మనీ పారావాన్, స్విట్జర్లాండ్ జాయ్‌స్టీర్ లాంటివి చేతి కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చి మోటార్లతో స్టీరింగూ పెడళ్లూ నడిపిస్తాయి, ఒక సర్క్యూట్ పోయినా ఇంకోటి అందుకుంటుంది. బలం అక్కర్లేదు, నిజమే. కానీ ఖరీదు చాలా ఎక్కువ, నేర్చుకోడానికీ టైమ్ పడుతుంది. పైగా నడుము నిలవదు కదా, బ్రేకు పడగానే ఒళ్లు ముందుకి తూలితే చెయ్యి కూడా కదిలి బండి కుదుపుతుంది. ఛాతీకి బెల్టు, మోచేతికి ఆసరా లేకుండా రోడ్డెక్కొద్దు. వీడియో గేమ్‌లా ఉందని మురిసిపోకండి!

మణికట్టు లేస్తోందా? అయితే నేను ముందు ట్రై-పిన్నే ప్రయత్నించమంటాను.