రగ్బీ రెఫరీకి ఏ విజిల్: కార్కు ఉన్నదా, లేనిదా?

తిరుపతి స్పోర్ట్స్ షాపుల్లో విజిల్ అడిగితే ముఖ్యంగా రెండు రకాలు చూపిస్తారు: లోపల కార్కు ఉండ తిరిగే లోహపు విజిల్, ఉండ లేని ప్లాస్టిక్ విజిల్. పీటీ పీరియడ్‌కు ఏదైనా సరిపోతుంది. రగ్బీలో అలా కాదు. స్క్రమ్, అంటే రెండు జట్ల ఆటగాళ్లు వంగి భుజాలు కలిపి ఒకరినొకరు తోసుకునే గుంపు, కూలిందంటే అడుగున ఉన్నవాడి మెడ మీద ఎంతమంది బరువు పడుతుందో చూసినవాళ్లకు తెలుసు. విజిల్ మొదటి ఊదుకే మోగాలి. ఈ రివ్యూలో కొలమానం అదొక్కటే.

లోహపు విజిల్‌కు పెద్ద చరిత్రే ఉంది. బర్మింగ్‌హామ్‌లో జోసెఫ్ హడ్సన్ కంపెనీ 'యాక్మే థండరర్' తెచ్చింది 1884లో. మరుసటి ఏడే ఇంగ్లాండ్ రగ్బీలో రెఫరీకి విజిల్ ఇచ్చారు. అంతకుముందు గొడవొస్తే కెప్టెన్లో అంపైర్లో తేల్చుకోవాల్సిందే.  

ఈ విజిల్‌లో గొప్పదనం దాని గొంతు. నాకాన్‌కు (బంతి చేతి నుంచి ముందుకు జారితే) చిన్నగా, పెనాల్టీకి గట్టిగా, ట్రైకి (గోల్ గీత అవతల బంతిని నేలకు ఆనిస్తే) సాగదీసి, ఊపిరిని బట్టి పలుకుతుంది. కానీ మన గ్రౌండ్లలో దుమ్ము, ఉమ్మి కలిసి కార్కుకు పట్టేస్తాయి. తడిసిన కార్కు ఉబ్బి బరువెక్కుతుంది. కంగారులో మరీ గట్టిగా ఊదితే ఉండ ఒక మూలకు అతుక్కుని 'హుస్స్' అని గాలి మాత్రమే వస్తుంది. మే నెల ఎండలో చొక్కా బయట వేలాడితే పెదవి చురుక్కుమంటుంది కూడా.

కార్కు ఇరుక్కుపోయే ఈ బాధ పడలేకే కెనడా బాస్కెట్‌బాల్ రెఫరీ రాన్ ఫాక్స్‌క్రాఫ్ట్ ఉండ లేని 'ఫాక్స్ 40' చేయించి 1987లో అమ్మకానికి తెచ్చాడు. ఈ రకంలో ఇరుక్కోవడానికి లోపల ఏమీ ఉండదు. తడిసినా ఒకసారి విదిలిస్తే చాలు. శబ్దం మరీ పదును, గొంతులో తేడాలు తక్కువ, చెవికి దగ్గరగా ఊదితే గింగురుమంటుంది. అయినా మార్కులు దీనికే.

ఊదే పద్ధతి: రంధ్రాన్ని నాలుక కొసతో మూసి, గాలి బిగబట్టి, 'తూ' అన్నట్టు ఒక్కసారిగా వదలాలి. బుగ్గలతో ఊదితే ఏ విజిలైనా నీరసంగానే పలుకుతుంది.

కొనేటప్పుడు షాపులో నోట పెట్టి చూడకండి. అందరూ ఊది పెట్టినదే మళ్లీ డబ్బాలోకి వెళ్తుంది. అచ్చు అతుకు దగ్గర గరుకుందేమో గోటితో తడిమితే చాలు. పళ్లతో పట్టుకునే అలవాటుంటే రబ్బరు తొడుగున్నది తీసుకోండి. మ్యాచ్ అయ్యాక ప్లాస్టిక్‌దాన్ని గోరువెచ్చని సబ్బు నీళ్లలో కడిగి బోర్లించాలి. కార్కు ఉన్నదాన్ని నానబెట్టొద్దు, తుడిచి నీడన ఆరబెట్టాలి. జేబులో రెండోది తప్పనిసరి, అదీ ఉండ లేనిదే.