లోడ్ షీటు బాగుంది, చలికాలం పొద్దుటిపూటనే మరిచారు

అనంతపురంలో వైరు, ఎంసీబీలు (కరెంటు మితిమీరితే తమంతట తామే పడిపోయి లైను ఆపేసే స్విచ్చులు) కొన్నవాళ్లకి ఈ ఎలక్ట్రికల్ షాపు ఇంటి లోడ్ షీటు, అంటే ఏ వస్తువు ఎన్ని వాట్లు లాగుతుందో లెక్క వేసిన కాగితం, కూడా రాసిస్తోంది. ఐదుకు మూడున్నర ఇవ్వొచ్చు.

బోరు మోటారు లెక్క మాత్రం మెచ్చుకోవాలి. ఒకటిన్నర హెచ్‌పీ అనగానే 746తో గుణించి 1,120 వాట్లు వేసేస్తారు చాలామంది. అది షాఫ్టు (మోటారులో తిరిగే కడ్డీ) దగ్గర వచ్చే పవరు. లైను నుంచి లాగేది 1,600 దాకా ఉంటుంది. షీటులో 1,600 అనే వేశారు. ఆ మోటారుకి సీ టైపు ఎంసీబీ రాయడమూ సరైనదే. స్టార్టింగులో కరెంటు నాలుగైదింతలు లాగుతుంది, బీ టైపు పెడితే ఊరికే పడిపోతుంది.

రెండు బెడ్‌రూముల ఇంటికి వేసిన మిగతా లెక్క, వాట్లలో: ఏసీలు రెండూ కలిపి 3,200, గీజరు 2,000, ఇస్త్రీ పెట్టె 1,000, మిక్సీ 750, వాషింగ్ మెషీన్ 400, ఫ్యాన్లు నాలుగు 300, ఫ్రిజ్ 200, లైట్లు పన్నెండు 108, టీవీ 100. మోటారుతో కలిపి 9,658 వాట్లు. అన్నీ ఒకేసారి నడవవు కాబట్టి మే నెల రాత్రిని పట్టుకున్నారు: ఏసీలు, మోటారు, ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్, టీవీ కలిపి 5,508. అందుకే ఐదున్నర కిలోవాట్ల కరెంటు కనెక్షన్‌కి అప్లికేషన్ పెట్టమని రాశారు.

మన ఊళ్లో ఎండకి భయపడటం సహజమే. కానీ డిసెంబరు పొద్దున ఆరున్నరకి గీజరు, మోటారు, ఇస్త్రీ, మిక్సీ, వాషింగ్ మెషీన్, ఫ్రిజ్, లైట్లు కలిస్తే 6,058. మిక్సీ ఐదు నిమిషాలేగా అనొచ్చు, అది తీసేసినా 5,308, మే రాత్రికి దాదాపు సమానం. ఆరు కిలోవాట్లు అడగాల్సింది. 230 వోల్టుల దగ్గర 26 ఆంపియర్లు, కాబట్టి 32 ఆంపియర్ల మెయిన్ స్విచ్చుకి ఇబ్బంది లేదు.

అసలు తప్పు ఇంకోటి: రెండు ఏసీలనూ ఒకే 16 ఆంపియర్ల ఎంసీబీ మీద వేశారు. 3,200 వాట్లంటే 14 ఆంపియర్లు, కాగితం మీద సరిపోతుంది. కానీ ఎంసీబీల రేటింగు 30 డిగ్రీల వేడికి కట్టింది. మే నెలలో, మూత వేసిన డీబీ (ఎంసీబీలు బిగించే పెట్టె) లోపల అది ఇంకా ముందే పడుతుంది. ఒక్కో ఏసీకి విడి లైను, 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ అడిగి రాయించుకోండి.