కావలి డాబా మీద రబ్బరు షీటు: ఎండకూ వానకూ ఎంతవరకు ఆగింది?

2015 నవంబరు వానలకు కావలిలోని మా ఇంటి శ్లాబు కారడంతో, మరుసటి వేసవిలో డాబా మొత్తానికి ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు షీటును 1.5 మిల్లీమీటర్ల మందంలో వేయించాము. అప్పటి నుంచి ఏటా వచ్చే మే నెల ఎండలనూ ఈశాన్య ఋతుపవనాల వానలనూ మాత్రమే కాక, 2021 నవంబరులో పెన్నాకు వరద తెచ్చిన వర్షాలనూ, 2023 డిసెంబరు నాటి మిచౌంగ్ తుపానునూ అది చూసింది. ఇన్నేళ్లకు నాకు తేలినదేమిటంటే, షీటుకు వంక పెట్టడానికి లేదు. అతుకుల దగ్గర, అంచుల దగ్గర మాత్రం వేసే మనిషి పనితనం మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

షీటు పైభాగం కొంచెం బూడిద రంగుకు తిరిగింది, వేలితో రుద్దితే సన్నని పొడి అంటుకుంటుంది. అంతకు మించి ఎక్కడా పగులు లేదు, సాగే గుణమూ పోలేదు. ఈ రబ్బరులో కలిపే కార్బన్ బ్లాక్ అనే నల్లని మసి పొడి ఎండలోని అతినీలలోహిత కిరణాలను తానే పీల్చుకుని లోపలి పదార్థాన్ని కాపాడుతుంది కాబట్టే, 1960ల నుంచి విదేశాల్లో వాడుతున్న ఈ రకం కప్పులు ఇరవై ముప్పై ఏళ్లు నిలుస్తున్నాయి. మన దగ్గర రొయ్యల గుంటలకు పరిచే హెచ్‌డీపీఈ షీటునే డాబా మీద వేస్తే చవక కదా అని అడిగేవారున్నారు. అది బిరుసైన ప్లాస్టిక్కు, ఎండకు బాగా వ్యాకోచించి ముడతలు పడుతుంది, పైగా పిట్టగోడ మూలల్లో సరిగా వంగదు. రెండింటికీ పోలిక లేదు.

ఇక అతుకుల సంగతి. వల్కనైజ్ చేసిన, అంటే గంధకం వంటివి కలిపి వేడితో గట్టిపరచిన రబ్బరు వేడికి కరగదు కనుక, తారుతో చేసిన మెంబ్రేన్ షీటు లాగా మంటతో అతికించడానికి వీలుపడదు. ఒక షీటు అంచును మరో షీటు మీదికి తెచ్చి, శుభ్రంగా తుడిచి, టేపు బాగా పట్టేందుకు ముందుగా ప్రైమర్ అనే ద్రవం పూసి, టేపు వేసి రోలరుతో గట్టిగా నొక్కాలి. గాలిదుమ్ము ఎక్కువగా ఉండే మన ఊళ్లలో తుడవడంలో చేసిన అశ్రద్ధ అప్పటికప్పుడు కనిపించదు, కొన్ని వర్షాకాలాలు గడిచాక బయటపడుతుంది. మా డాబా నడిమి అతుకులు చెక్కుచెదరలేదు కానీ, ఈశాన్య మూలన పిట్టగోడ మొదట్లో షీటు క్రమంగా బిగుసుకుని గోడను వదిలేసింది. అక్కడ వేలితో నొక్కితే కింద బోలుగా తగిలేది. షీటు కాలక్రమంలో కొద్దిగా కుంచించుకుపోతుంది కాబట్టి, గోడ మొదట్లో దాన్ని స్క్రూలతో, పట్టీతో శ్లాబుకు బిగించాలి. వేసినవారు జిగురుతోనే సరిపెట్టారు. తరువాత వేరే మేస్త్రీ చేత ఆ మూల విప్పించి, పట్టీ కొట్టించి, కొత్త ముక్క అతికించాక మళ్లీ ఇబ్బంది రాలేదు.

నీటి వాలు విషయం కూడా ముందే చూసుకోవాలి. పది అడుగులకు అంగుళంన్నర వాలు ఉంటే నీళ్లు తూము దగ్గరికి వాటంతట అవే పోతాయి. నిలిచిన నీటిని షీటు తట్టుకుంటుంది, కానీ నెలల తరబడి తడిలో నానే అతుకు అంతకాలం ఓర్చుకోదు. శ్లాబులో చెమ్మ ఉండగా వేస్తే ఎండకు ఆవిరి పుట్టి బుడగలు లేస్తాయి కనుక, ఏప్రిల్, మే నెలల్లో వేయించడమే మంచిది.

లోపాల్లో మొదటిది వేడి. నల్లని షీటు మీద మధ్యాహ్నం వట్టి కాళ్లతో నిలబడలేము, పై గదిలో ఫ్యాను గాలి కూడా వేడిగానే తగులుతుంది. రబ్బరుకు పనికివచ్చే తెల్ల అక్రిలిక్ పూత వేయించాక కొంత నయమైంది. అయితే ఆ పూత రబ్బరంత కాలం మన్నదు, మధ్యమధ్యలో మళ్లీ వేయించుకోవాల్సిందే. రెండోది నూనె. డీజిల్ జనరేటరు కారినా, దీపావళి ప్రమిదల్లోని నూనె ఒలికినా ఆ చోట రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, అందువల్ల మేము దీపాలను పిట్టగోడ మీద పళ్లెంలో పెడుతున్నాము.

గ్యారంటీ కాగితం చదివేటప్పుడు అది షీటుకేనా, అతుకులకూ పనికీ కూడా వర్తిస్తుందా అన్నది చూడాలి. మాకిచ్చిన కాగితంలో ఉన్నది షీటు ఒక్కటే. ఆ మూల మరమ్మతు ఖర్చు మేమే పెట్టుకున్నాము. అయినా ఇంకో డాబా వేస్తే ఈ షీటే వేయిస్తాను, మూలల పట్టీల సంగతి మాత్రం కొటేషనులో ముందే రాయించుకుంటాను.