పోర్టోలో 20 ఏళ్ల వైన్ అని డబ్బు తీసుకుని వేరే సీసా పెట్టారు, జాగ్రత్త

పోర్చుగల్‌లోని పోర్టో వెళ్తున్నవాళ్లు, ముఖ్యంగా అక్కడి నుంచి ఎవరికైనా పోర్ట్ వైన్ తేవాలనుకుంటున్నవాళ్లు ఇది చదివి వెళ్లండి. నిన్న రాత్రి జరిగింది. ఇప్పటికీ ఒళ్లు మండిపోతోంది.

ఊరి సంగతి మీకు తెలిసిందే. ఈ ఒడ్డున రిబేరా, మధ్యలో డోరు నది, దాటితే గాయా. పేరు పోర్టోదే అయినా వైన్ పీపాలు తరతరాలుగా నిల్వ ఉంచేది గాయా సెల్లార్లలోనే. అక్కడ పెద్ద సెల్లార్ ఒకటి టికెట్ కొని చూశాం. గైడ్ అమ్మాయి ఓపిగ్గా అన్నీ చెప్పింది, వాళ్ల మీద నాకు ఏ కంప్లయింటూ లేదు. మోసం జరిగింది బయటికొచ్చాక, సందులో ఉన్న ఒక చిన్న వైన్ షాపులో.

అక్కాబావల ఇరవయ్యో పెళ్లిరోజు వస్తోంది. అందుకే 20 ఏళ్ల టానీ అడిగాను. చెక్క పీపాల్లో ఏళ్ల తరబడి ఉండి, ఎరుపు తగ్గి ఇటుక రంగుకు తిరిగే పోర్ట్ రకం అది. వయసు వేయని మామూలు టానీ 10 యూరోలకు అటూఇటూగా దొరుకుతుంది. నా దగ్గర తీసుకున్నది 58 యూరోలు. రుచికి పోసిన సీసా మీద 20 అంకె కళ్లారా చూశాను. ఇంత సీసా హ్యాండ్ బ్యాగేజీలో రానివ్వరు కదా, గట్టిగా ప్యాక్ చేసిస్తానని షాపతను కొత్త సీసాతో లోపలికెళ్లాడు. బబుల్ రాప్ చుట్టి, చెక్కపెట్టెలో పెట్టి, చుట్టూ టేపు వేసి తెచ్చి చేతికిచ్చాడు.

హోటల్లో సూట్‌కేసు బరువు ఎక్కువైంది. చెక్కపెట్టె తీసేద్దామని టేపు కోశాను. లేబుల్ మీద కంపెనీ అదే, అక్షరాలూ అవే, 20 మాత్రం లేదు. ఉత్త టానీ. బిల్లు తీసి చూస్తే అందులోనూ టానీ అనే ఉంది, పక్కన 58 యూరోలు. వయసు రాయనే లేదు.

దోం లూయిష్ వంతెన దాటి పరుగున వెనక్కి వెళ్లాం. మధ్యాహ్నం ‘మై ఫ్రెండ్, మై ఫ్రెండ్’ అంటూ కుర్చీ వేసిన మనిషి తల కూడా ఎత్తలేదు. ‘బిల్లులో ఉన్నదే ఇచ్చాను’ అన్నాడు. రుచి చూపించింది ఇది కాదు కదా అని గట్టిగా అడిగితే, పక్కనున్న కుర్రాడి వైపు తిరిగి నవ్వుతూ, మాకు అర్థం కావాలనే ఇంగ్లిష్‌లో అన్నాడు: ‘ఇరవై ఏళ్లదైనా మూడేళ్లదైనా వీళ్లు కోక్ కలుపుకునే తాగుతారు.’ డబ్బు పోయిన బాధ ఒకెత్తు, మా ఆవిడ ముందు ఆ మాట పడటం ఒకెత్తు. రాత్రంతా నిద్ర పట్టలేదు.

1756లోనే హద్దులు గీసి, ఏ ద్రాక్షతోటల వైన్‌కి ఆ పేరు చెల్లుతుందో తేల్చుకున్న ప్రాంతం అది. ఇప్పటికీ ప్రతి పోర్ట్ సీసా మెడ మీద నంబరుతో అధికారిక సీలు ఉంటుంది. నాకిచ్చిన సీసాకీ ఉంది! సీలు అసలుదే, వైనూ అసలుదే, నేను డబ్బు కట్టిన వైన్ కాదు, అంతే. సీలు చూసి ధైర్యపడకండి. అది పోర్ట్ అని చెబుతుంది గానీ, మీరడిగిన పోర్ట్ అవునో కాదో చెప్పదు.

హోటల్ రిసెప్షన్‌లో చెబితేనే తెలిసింది, పోర్చుగల్‌లో ప్రతి షాపులో, హోటల్లో ఫిర్యాదుల పుస్తకం ఉండాలని చట్టం. అడగ్గానే ఇవ్వాలి, ఇవ్వకపోతే పోలీసుల్ని పిలవొచ్చు. మళ్లీ వెళ్లేసరికి షట్టర్ వేసేస్తున్నాడు. పుస్తకం మేనేజర్ దగ్గరుంది, రేపు రండి అన్నాడు. తెల్లారి మా ఫ్లైట్ అని మధ్యాహ్నమే కబుర్లలో అడిగి తెలుసుకున్నాడు ఆ మనిషి. ఆన్‌లైన్‌లోనూ ఫిర్యాదు పెట్టొచ్చట, ఇది రాయడం అవగానే పెడతాను.

మీరు కొంటే వయసు బిల్లులో రాయించుకోండి. ప్యాకింగ్ మీ కళ్లముందే చేయించండి, టేపు వేసేముందు లేబుల్ చదవండి. వయసున్న టానీ అయితే సీసాలో నింపిన సంవత్సరం కూడా లేబుల్ మీద ఉంటుంది. క్యాష్ వద్దు, కార్డుతోనే కట్టండి. నేను బ్యాంకులో డిస్ప్యూట్ వేశాను, ఇంకా జవాబు రాలేదు.