హాలోవీన్ పరీల రంగుల పుస్తకం: ఏడాది పైగా వాడాక

పెద్దవాళ్ల కోసం వేసిన రంగుల పుస్తకం ఇది. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా. లోపలంతా హాలోవీన్ పరీలే: మంత్రగత్తె టోపీ పెట్టుకున్నది ఒకతి, గబ్బిలం రెక్కలది ఇంకొకతి, గుమ్మడికాయలో కాపురం పెట్టినది మరొకతి. హాలోవీన్ అంటే పడమటి దేశాల్లో దయ్యాల వేషాలేసుకునే పండుగ, అదేమో అక్టోబర్ 31 ఒక్కరోజే. నేను మాత్రం నడి ఎండాకాలంలో కూడా రాత్రి వంటిల్లు సర్దాక దాన్నే ముందేసుకుని కూర్చుంటున్నా.

బొమ్మలకు వంక పెట్టను. మొహాల్లో చిలిపితనం ఉంది, గీతలు చత్వారం కళ్లకు కూడా ఆనుతాయి. "గీ దయ్యాలకు రెక్కలేందే, గజ్జెలేందే?" అన్నది మా అత్తమ్మ. అన్నామే మర్నాడు పక్కన చేరి ఓ గుమ్మడికాయకు పసుపు పూసింది. దిష్టికి బూడిద గుమ్మడికాయ కట్టే ఇంట్లో, కళ్లూ నోరూ చెక్కి లోపల దీపం పెట్టిన గుమ్మడికాయ వింతేం కాదు. ఐర్లండ్‌లో మొదట టర్నిప్ దుంపల్ని అట్లా చెక్కేవాళ్లు, అమెరికా చేరాక గుమ్మడికాయ వచ్చింది.

పేచీ అంతా కాగితంతోనే. జిరాక్స్ కాగితం కంటే కాస్త మందం, అంతే. ఒకవైపే అచ్చు వేశారు కాబట్టి బతికిపోయాం. ఆల్కహాల్ మార్కర్ పెడితే వెనక్కి దిగి కింది బొమ్మకూ అంటుతుంది, మధ్యలో అట్టముక్క పెట్టాల్సిందే. వాటర్ కలర్ ఊసెత్తొద్దు. పెన్సిళ్లకు పర్వాలేదు గానీ నాలుగు పూతలు పడ్డాక కాగితం నున్నబడి రంగు పట్టదు. పైగా జిగురు బైండింగ్, సగం రెక్క మడతలోకి పోతుంది. హనుమకొండలో జిరాక్స్ షాపుకు తీసుకుపోతే వీపు కోసి స్పైరల్ వేసిచ్చారు. కొన్నరోజే ఈ పని చేయించండి. బాగా నచ్చిన బొమ్మలుంటే రంగేయకముందే 200 జీఎస్ఎం (కాగితం మందాన్ని చెప్పే లెక్క) కాగితం మీద ఒక కాపీ తీయించుకోండి, టోనర్ (జిరాక్స్ మిషన్‌లో వాడే పొడి సిరా) గీత నీళ్లకు చెదరదు.

ఇక రాత్రి ఆకాశం. ఈ పుస్తకంలో సగం పని అదే. నల్ల పెన్సిల్‌తో పూసేస్తే బొమ్మ చచ్చిపోతుంది. ముందు పలుచగా ఊదా, దానిమీద ముదురు నీలం, మూలల్లో ముదురు గోధుమ. నలుపు ఆఖరున, ఎండుకొమ్మలకు మాత్రమే. గుమ్మడికాయలో మంట ఉన్నచోట కాగితం తెల్లగానే వదిలేయాలి. చుట్టూ నిమ్మపసుపు, తర్వాత నారింజ, అంచున ఇటుకరంగు. వెలుగు కిందినుంచి వస్తుంది కనుక పరీ గడ్డం కింద, ముక్కు కింద, రెక్కల కింది అంచున అదే నారింజ పిసరంత తగిలించాలి. అప్పుడే దీపం వెలిగినట్టుంటుంది. బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు వరుస మీద ఊదా రంగద్దిన గునుగు పెడితే పసుపు ఎట్లా ఎగిసిపడుతుందో చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

పెన్సిళ్ల విషయానికొస్తే, మైనం రకం (లోపలి రంగుకడ్డీని మైనంతో కలిపి చేసినది) మెత్తగా పరుచుకుంటుంది, ఆకాశానికి అదే మేలు. కొన్నాళ్లకు ముదురు రంగుల మీద తెల్లటి పొర తేలుతుంది, మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది. మా వరంగల్ మే నెల ఎండకు మొన మెత్తబడి సన్నగీత రాదు. రెక్కల ఈనెలకు నూనెతో కలిపి చేసిన రకమే పట్టుకోవాలి. ఫేబర్ కాస్టెల్ వాళ్ల పోలిక్రోమోస్ అట్లాంటివే, గట్టిగా ఉంటాయి, మొన నిలుస్తుంది. వాటిలో 120 రంగుల పెట్టె కూడా ఉంది గానీ ధర చూస్తే గుండె ఝల్లుమంటుంది. ఈ పుస్తకానికి 36 ఉన్నా ఎక్కువే. పిల్లల స్కూలు పెట్టెతో మాత్రం రాత్రి రాదు, ఎంత రుద్దినా కాగితం తెలుపు కనిపిస్తూనే ఉంటుంది.

ఒకటి చూసుకుని కొనండి. అన్నిటికంటే ముందు ముదురు నీలమే అరిగిపోతుంది. ఇక్కడ నేను అడిగిన షాపుల్లో పెట్టెలే ఉన్నాయి, విడి పెన్సిల్ లేదు. ఒక్క నీలం కోసం మళ్లీ పెట్టె కొనే బాధ తప్పాలంటే, విడిగా కూడా అమ్మే కంపెనీదే తీసుకోండి.